మదురై, కోయంబత్తూరు తెలుగు సీమల్లో కాలనిర్ణయ సమస్యలు

మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లోని పాత తెలుగు ఊళ్ల చరిత్రకు ఆధారాలు బాగానే ఉన్నాయి. వాటి తేదీలు మాత్రం ఒక్క లెక్కలో లేవు. గుడిగోడ మీది శాసనం శకవర్షం చెబుతుంది. పాళెగాళ్ల వంశావళి ప్రభవాది పేరుతో సరిపెడుతుంది. తిరునల్వేలి వైపు రాతల్లో కొల్లం సంవత్సరం, మదురై సుల్తానుల నాణేల మీద హిజ్రీ, పాదిరీల ఉత్తరాల్లో క్రైస్తవ తేదీ, రెవెన్యూ దస్త్రంలో ఫసలీ కనిపిస్తాయి. తవ్వకంలో దొరికిన బొగ్గుముక్క వయస్సును ప్రయోగశాల 1950 నుంచి వెనక్కి లెక్కగట్టి చెబుతుంది. రాజుల చరిత్ర రాసేవారికి ఒక ఏడాది తేడా పెద్ద పట్టింపు కాకపోవచ్చు. కరువులను, వరదలను ఋతుపవనాలతో జతపరచి చూసేవారికి ఆ ఒక్క ఏడాదే ప్రాణం.

ఇక్కడి వర్షపు తీరు అందుకు కారణం. వైగై పరివాహక ప్రాంతానికి ముఖ్యమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనం తెచ్చేది. పాలక్కాడు కనుమకు ఎదురుగా ఉన్న కోయంబత్తూరుకు రెండు ఋతుపవనాల్లోనూ కొంత కొంత అందుతుంది, ఏదీ నిండుగా అందదు. చెరువుల మీద, బావుల మీద బతికే ఇలాంటి నేలలో ఒక కారు తప్పితే ఏడాది తిండి తప్పినట్టే. అందుచేత ఏ సంవత్సరం అన్న ప్రశ్న వెంటనే ఏ కారు అన్న ప్రశ్నగా మారుతుంది.

రెండు పంచాంగాల ఇల్లు

విజయనగర సేనల వెంట, ఆ తరవాత మదురై నాయక రాజుల కాలంలో తెలుగువారు ఈ ప్రాంతంలో పెద్ద ఎత్తున స్థిరపడ్డారు. రాజకంబళ నాయకర్లు, కమ్మ నాయుళ్లు, రెడ్లు, దేవాంగులు వారిలో ముఖ్యులు. వీరిలో చాలామంది ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట. ఉగాది తెలుగు లెక్కలో చేసుకుంటారు. పొలం పనులకు, ఊరి జాతరకు, పెళ్లి ముహూర్తానికి తమిళ నెలలు వాడతారు. ఈ రెండు లెక్కలూ సంవత్సరానికి ఒకే పేరు పెడతాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

తెలుగువారిది చాంద్రమానం. చైత్ర శుద్ధ పాడ్యమితో సంవత్సరం మారుతుంది. తమిళులది సౌరమానం. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించిన నాటి నుంచి చిత్తిరై మొదలవుతుంది. రెండింటి మధ్య తేడా ఒకటి రెండు రోజుల నుంచి సుమారు నెల దాకా ఉంటుంది. 2023లో శోభకృత్ ఉగాది మార్చి 22న వచ్చింది, తమిళ సంవత్సరాది ఏప్రిల్ 14న. మధ్యలోని 23 రోజులు తెలుగువారికి శోభకృత్, పక్కింటి తమిళులకు ఇంకా శుభకృత్. తమిళనాడు ప్రభుత్వం 2008లో చట్టం చేసి సంవత్సరాదిని తై నెలకు మార్చింది, 2011లో ఆ చట్టం రద్దయింది. ఆ మూడేళ్ల ప్రభుత్వ కాగితాలు చదివే భావి చరిత్రకారుడికి ఇది అదనపు తలనొప్పి.

ఈ తేడా వాతావరణ చరిత్రలో ఎంతదూరం పోతుందో ఒక్క ఉదాహరణ చాలు. ఇండోనీషియాలోని తంబోరా అగ్నిపర్వతం 1815 ఏప్రిల్ 10 సాయంత్రం మహోగ్రంగా పేలింది. అమావాస్య అంతకు ముందే వెళ్లిపోయింది కాబట్టి తెలుగు లెక్కలో యువ సంవత్సరం అప్పటికే ప్రవేశించింది. మేష సంక్రమణం ఇంకా కాలేదు కాబట్టి తమిళ లెక్కలో భావ నడుస్తోంది. ఆ పేలుడు యువలో జరిగిందన్నవారూ, భావలో జరిగిందన్నవారూ ఇద్దరూ సరిగ్గానే చెప్పినట్టు. పేర్లను మాత్రమే చూసి క్రీస్తు శకంలోకి మార్చే చరిత్రకారుడు ఒక్క సంఘటనను రెండు సంవత్సరాల్లో జరిగిన రెండుగా లెక్కవేసే ప్రమాదం ఉంది.

నెలల పేర్లు ఇంకా మోసగిస్తాయి. తెలుగు కార్తికం అక్టోబరు చివర గానీ నవంబరులో గానీ మొదలవుతుంది. తమిళ కార్తిగై నవంబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి దాకా. ఈశాన్య వర్షం సాధారణంగా ఉధృతంగా ఉండే కాలం, తగ్గుముఖం పట్టే కాలం ఈ రెండింటి మధ్యనే పడతాయి. కార్తికంలో ఏరు పొంగిందని ఒక ఊరి చరిత్ర చెప్పే కైఫీయతు అంటే, రాసినవాడిది ఏ లెక్కో తేలేదాకా దాన్ని తుపాను వరదగానో, మామూలు కారు వరదగానో తీర్మానించడానికి లేదు.

నెల మొదటి తేదీ కూడా అందరికీ ఒకటి కాదు. సంక్రమణం సూర్యాస్తమయానికి ముందు జరిగితే ఆ రోజే ఒకటో తేదీ అనేది తమిళ పద్ధతి. కేరళలో పగటిలో అయిదింట మూడు వంతులు గడవక ముందే జరగాలి. పాలక్కాడు కనుమకు ఇటు ఒక తేదీ, అటు మరో తేదీ వచ్చే నెలలు అందువల్ల ఏర్పడతాయి. ఇది ఒక రోజు తేడా మాత్రమే. అసలు తేడా మెల్లగా వచ్చేది. సూర్యసిద్ధాంత సంవత్సరం ఋతువుల సంవత్సరం కన్నా కొద్దిగా పెద్దది, ఆ మిగులు సుమారు అరవై ఏళ్లకు ఒక రోజవుతుంది. మదురైలో సుల్తానులు ఏలిన 14వ శతాబ్దంలో చిత్తిరై మొదటి రోజు ఋతువుల లెక్కన ఇప్పటి కన్నా పది పదకొండు రోజులు ముందుండేది. ఆనాటి ఐప్పసి వానను ఈనాటి ఐప్పసి వానతో పోల్చి ఋతుపవనం జరిగిందనో, ఆలస్యమైందనో చెప్పేవారు ముందుగా ఈ పది రోజులను తీసివేయాలి.

పండుగ తేదీలను ఋతువుకు గుర్తుగా పట్టుకోవడమూ సులభం కాదు. అళగర్ వైగైలో దిగే ఉత్సవం ఇప్పుడు చిత్తిరై పున్నమికి జరుగుతుంది. మాసి నెలలో జరిగే మీనాక్షి కల్యాణాన్ని తిరుమల నాయకుడు చిత్తిరైకి మార్చి, అళగర్ ఉత్సవంతో కలిపాడని స్థానిక సంప్రదాయం. 1623 నుంచి 1659 దాకా ఏలిన ఆ రాజుకు ముందు, తరవాత రాసిన రెండు కథనాల్లో కల్యాణం నాటి వైగై నీటి ప్రస్తావన వచ్చినా అవి రెండు వేరు నెలల నీళ్లు.

శకవర్షం, అరవై పేర్లు

శకవర్షానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందన్నది బడిపిల్లలకూ తెలిసిన సూత్రం. జనవరి నుంచి ఉగాది దాకా 79 కలపాలన్నది చాలామంది మరచిపోయే రెండో సగం. శాసనం చెప్పింది గడచిన సంవత్సరమా, నడుస్తున్న సంవత్సరమా అన్నది మూడో మెలిక. ప్రభవాది పేరు పక్కన ఉంటే దీన్ని సరిచూడవచ్చు. గడచిన శకవర్షానికి 12 కలిపి 60తో భాగిస్తే మిగిలిన శేషం ఎన్నో పేరో చెబుతుంది. శేషం ఒకటైతే ప్రభవ, సున్నా అయితే అక్షయ. ఉత్తర దేశంలో బృహస్పతి గమనాన్ని అనుసరించి అప్పుడప్పుడు ఒక పేరును వదిలేస్తారు. దక్షిణాదిలో వెయ్యేళ్లుగా ఆ పద్ధతి లేదు. అందువల్ల ఉత్తర, దక్షిణ పేర్లు ఇప్పుడు కలవవు.

వారం చాలా ఉపయోగపడుతుంది. ఏ పంచాంగంలోనైనా శుక్రవారం శుక్రవారమే. 1582లో పోపు గ్రెగరీ సంస్కరణలో అక్టోబరు 4 గురువారం తరవాత 15 శుక్రవారం వచ్చింది. తేదీలు పది ఎగిరిపోయాయి, వారాల వరస చెడలేదు. శాసనంలో తిథి, వారం, నక్షత్రం మూడూ ఉంటే, 1896లో సీవెల్, దీక్షిత్ కలిసి ప్రచురించిన పట్టికలతో, ఆ తరవాత ఎల్.డి. స్వామికన్ను పిళ్లై గణించిన సంపుటాలతో ఆ రోజును పట్టుకోవచ్చు. మూడింట్లో ఒకటి కుదరకపోతే చెక్కినవాడి పొరపాటా, తరవాతి కాలంలో పుట్టించిన శాసనమా అన్న విచారణ మొదలవుతుంది.

నాయకులకు ముందున్న పాండ్యుల శాసనాలు ఈ పరీక్షకు కూడా లొంగవు. చాలా వాటిలో శకవర్షం ఉండదు, రాజ్యవర్షం మాత్రమే ఉంటుంది. అదీ రెండో ఏటికి ఎదురు పదమూడో ఏడు వంటి మాటలతో. రెండూ కలిపి పదిహేనో ఏడని సాధారణంగా అర్థం చెబుతారు. జటావర్మ, మారవర్మ అన్న బిరుదులు మారి మారి వస్తాయి, ఒకే పేరున్న రాజులు ఒకే కాలంలో వేరువేరు భాగాల్లో ఏలినట్టు కనిపిస్తారు.

మదురై సుల్తానులు, కంపరాయలు

జలాలుద్దీన్ అహసన్ 1335 ప్రాంతంలో ఢిల్లీని ధిక్కరించి మదురైలో స్వతంత్రుడయ్యాడు. బుక్కరాయల కొడుకు కుమార కంపన ఆ సుల్తానులను ఓడించాడు. ఆయన భార్య గంగాదేవి సంస్కృతంలో రాసిన మధురావిజయం ఆ గెలుపు గురించినదే. తొలి పద్యాల్లో ఆమె తిక్కనను తలచుకోవడం చూసి ఆమె తెలుగింటి ఆడపడుచని పరిశోధకులు భావిస్తారు. కావ్యంలో సంవత్సరం లేదు. గెలుపు తేదీని పక్కదారిన రాబట్టాలి.

ఆ పక్కదారి శ్రీరంగంలో ఉంది. దాడులప్పుడు తరలించిన రంగనాథుడి ఉత్సవమూర్తిని విజయనగర అధికారి గోపన తిరిగి తెచ్చి ప్రతిష్ఠించాడు. ఆ సంగతి చెప్పే గోడ శాసనంలో సంవత్సరం అంకెల్లో లేదు, బంధుప్రియ అన్న మాటలో ఉంది. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది లెక్కలో బ మూడు, ధ తొమ్మిది, సంయుక్తాక్షరంలో చివరి హల్లు ర రెండు, య ఒకటి. 3, 9, 2, 1. అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి కాబట్టి శకం 1293, అంటే 1371–72. శ్రీరంగం సంప్రదాయం ఇదే ఘట్టాన్ని పరిధావి సంవత్సరం వైకాసి 17 అని చెప్పుకుంటుంది. పై సూత్రం ప్రకారం శకం 1293 విరోధికృత్ అవుతుంది, పరిధావి ఆ మరుసటి ఏడు. రాతిమీది మాట సరైనదైతే మే 1371, సంవత్సర నామం సరైనదైతే మే 1372. పుస్తకాలు ఎక్కువగా 1371నే తీసుకుంటాయి, పరిధావిని పక్కనే అలాగే ఉంచేస్తాయి. అంకెలు రాయకుండా మాటలో దాచిన లెక్క అక్షరం చెడితే తప్ప మారదు కాబట్టి శాసనానికే ఎక్కువ విలువ ఇవ్వడం న్యాయం.

సుల్తానుల అంతం కూడా తేలికగా తేలదు. మదురైని కంపన 1371 నాటికే జయించాడని చెబుతుండగా, చివరి సుల్తాను అలావుద్దీన్ సికందర్ పేరిట హిజ్రీ 779 నాటి నాణేలు దొరికాయి. అది 1377 మే నుంచి 1378 ఏప్రిల్ దాకా సాగిన సంవత్సరం. కంపన 1374లో చనిపోయాడు. నాణెం తప్పని అనడానికి లేదు. జయించినా సుల్తాను ఏదో ఒక మూల మిగిలి టంకశాల నడిపించాడని అనుకోవడమే మిగిలిన దారి.

తెలుగువారి వలసను కరువుతో ముడిపెట్టే వాదాలు ఈ కాలం దగ్గరే వస్తాయి. దక్కనులో 1396లో మొదలై పన్నెండేళ్లు నిలిచిందని చెప్పే దుర్గాదేవి కరువు ఒక ఆధారం. ఛత్తీస్‌గఢ్‌లోని దండక్ గుహలో బొట్టుబొట్టుగా పేరుకున్న సున్నపురాతి పొరలు కూడా 14, 15 శతాబ్దాల్లో వానలు తగ్గిన దశలను చూపిస్తాయి. అయితే ఆ గుహ నైరుతి ఋతుపవనపు సాక్షి, మదురైది ఈశాన్య వాన. కుటుంబ కథల్లో వలసకు కారణం ఎక్కువగా తురకల దండయాత్ర, ఏడు మాత్రం ఉండదు. తేదీలేని కథను ఏ కరువు పక్కన పెట్టినా అతుకుతుంది.

1529, 1559

మదురై నాయక రాజ్య స్థాపకుడు విశ్వనాథ నాయకుడి మొదటి ఏడు మీద ముప్పై ఏళ్ల తేడా ఉంది. 1868లో మదుర జిల్లా మాన్యువల్ రాసిన నెల్సన్ స్థానిక రాతప్రతులను అనుసరించి 1559 అన్నాడు. ఆ రాతప్రతులు విలియం టేలర్ 1835లో ప్రచురించిన సంపుటాల నాటి నుంచి వాడుకలో ఉన్నవే. 1924లో వచ్చిన తన గ్రంథంలో ఆర్. సత్యనాథ అయ్యర్ దాన్ని 1529కి జరిపాడు. రాతప్రతుల కథ ప్రకారమే నాగమ నాయకుణ్ణి పట్టి తెమ్మని కొడుకైన విశ్వనాథుణ్ణి పంపింది కృష్ణదేవరాయలు. రాయలు 1529లో పోయారు. కథ నిజమైతే 1559 కుదరదు, 1559 నిజమైతే కథ కుదరదు. ఇప్పటి పుస్తకాలు 1529నే వాడుతున్నాయి.

ఈ ముప్పై ఏళ్లు రాజవంశ పట్టికకే పరిమితం కావు. 72 పాళెములను విశ్వనాథుడు, అరియనాథ మొదలియారు ఏర్పరచారని ప్రతీతి. చెరువులు, ఆనకట్టలు, కొత్త ఊళ్లు ఆ ఏర్పాటుతోనే వచ్చాయని పాళెగాళ్ల వంశావళులు చెబుతాయి. విశ్వనాథుడి తేదీ జరిగితే ఇవన్నీ జరుగుతాయి. తరానికి ఇన్నేళ్లని వెనక్కి గుణించి కట్టిన వలస తేదీలు కూడా దీనికి వేలాడుతున్నవే.

రాయవాచకము ఇంకో రకం చిక్కు. కృష్ణదేవరాయల కొలువులోని మాటలను అప్పుడే విని రాసినట్టు సాగే ఈ తెలుగు వచనాన్ని మదురై నాయకుల కొలువులో, 1600 ప్రాంతంలో రూపొందినదిగా ఫిలిప్ వాగనర్ 1993లో నిరూపించాడు. అది చెప్పే విషయాలను 1510ల సాక్ష్యంగా కాక, ఎనభై తొంభై ఏళ్ల తరవాతి జ్ఞాపకంగా చదవాలి.

పరదేశీయుల తేదీలు

మదురైలో జెసూట్ మిషన్ 1595లో మొదలైంది, రాబర్ట్ డి నొబిలి 1606లో వచ్చాడు. వారి ఉత్తరాల్లో కరువులు, వరదలు, అంటురోగాలు తేదీలతో సహా ఉంటాయి, గ్రెగోరియన్ లెక్కలో. డచ్చి కంపెనీదీ అదే లెక్క. చెన్నపట్నం ఆంగ్లేయులు 1752 దాకా పాత జూలియన్ లెక్కనే పట్టుకున్నారు. 17వ శతాబ్దంలో తేడా పది రోజులు. పైగా వారి సంవత్సరం మార్చి 25న మారేది. తరంగంబాడి డేన్లు 1700లో మారారు. కోరమాండల్ తీరాన్ని తాకిన ఒకే తుపాను నాలుగు కోఠీల చిట్టాల్లో రెండు తేదీలతో, జనవరి మార్చి మధ్య అయితే రెండు సంవత్సరాలతో కూడా కనిపించగలదు.

పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన రాజకంబళ కుటుంబంలోనివాడు, తెలుగు ఇంటివాడు. ఆయన్ను కయత్తారులో ఉరితీసిన 1799 అక్టోబరు 16 కంపెనీ తేదీ. అదే రోజు శకం 1721, సిద్ధార్థి, తిరునల్వేలి వాడుకలో కొల్లం 975, హిజ్రీ 1214. కొల్లం సంవత్సరం తిరునల్వేలిలో, దక్షిణ మలబారులో సింహ మాసంతో, ఉత్తర మలబారులో కన్యతో మారుతుంది కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు తేదీలకు అక్కడా ఇక్కడా ఒక అంకె తేడా వస్తుంది.

ధాత కరువు

పేరుతో గుర్తుండిపోయిన కరువుల్లో ఇది ముందు నిలుస్తుంది. తమిళులు దీన్ని తాదు వరుషప్పంజం అంటారు, రాయలసీమలోనూ ధాత కరువు పేరు నిలిచింది. 1876లో వానలు విఫలమై 1878 దాకా సాగిన ఈ కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల ప్రాణాలు తీసింది, మదుర, కోయంబత్తూరు జిల్లాలనూ వదలలేదు. చావులు ఎక్కువగా జరిగినది ధాత గడిచి ఈశ్వర వచ్చిన తరవాత. జనం పెట్టిన పేరు కరువు మొదలైన ఏటిది, ముదిరిన ఏటిది కాదు.

రెవెన్యూ లెక్కల్లో ఇదే కాలం ఫసలీ 1286, 1287. మద్రాసులో ఫసలీ మొదట ఆడి నెలతో మారేది, 1855 నుంచి జూలై 1న మారుతోంది. ఫసలీకి 590 కలిపితే జూలై నుంచి డిసెంబరు దాకా, 591 కలిపితే జనవరి నుంచి జూన్ దాకా క్రీస్తు శకం వస్తుంది. జమాబందీలో ఫసలీ 1286కు శిస్తు వజా చేశారంటే అది 1876 జూలై నుంచి 1877 జూన్ మధ్య పంట. ధాత ఉగాదితో ముగిసింది, ఫసలీ జూన్‌తో ముగిసింది. జాగ్రత్తగా చూస్తే ఫసలీయే వ్యవసాయ సంవత్సరానికి దగ్గర. ఈశాన్య వాన, దాని మీద పండే పంట, ఆ పంట మీది శిస్తు మూడూ ఒకే ఫసలీలో పడతాయి. పంటల చరిత్రకు ఇంత అనుకూలమైన లెక్కను క్రీస్తు సంవత్సరాలుగా విడగొట్టి ప్రచురించడం వల్ల కలిగిన అయోమయం తక్కువ కాదు.

ధాత పేరులో ఇంకొక ఉచ్చు ఉంది. అరవై ఏళ్లు వెనక్కి వెళ్తే 1816–17 కూడా ధాతే. అది తంబోరా బూడిద ప్రభావంతో ఐరోపాకు వేసవి లేకుండా పోయిన ఏడు. ఇంకో అరవై వెనక్కి 1756–57. చెట్ల వలయాల ఆధారంగా 2010లో ఎడ్వర్డ్ కుక్ బృందం కట్టిన ఆసియా ఋతుపవన కరువుల పటంలో 1756 నుంచి 1768 దాకా ఒక దీర్ఘ అనావృష్టి కనిపిస్తుంది, 1876–78 మరొకటి. శకవర్షం లేని పాటలో గానీ వంశావళిలో గానీ ధాత అని ఉంటే మూడూ పోటీకి వస్తాయి. పాటలో కలెక్టరు, రైలు, గంజితొట్టి ప్రస్తావనలు ఉంటే 1876 నాటిదని తేల్చవచ్చు. లేకపోతే ఏ పరిశోధకుడైనా తన సిద్ధాంతానికి సరిపడే ధాతను ఎంచుకోగలడు. గుంటూరు సీమలో డొక్కల కరువుగా పేరుపడ్డ 1832–33 కరువును నందన కరువు అనడంలోనూ ఇదే ఇబ్బంది.

బొగ్గు, పీట్, టేకు

రాతలు లేని కాలానికి రేడియోకార్బన్ ఆధారం. మదురై దగ్గరి కీళడిలో భారత పురావస్తు శాఖ 2014–15లో తవ్వకాలు మొదలుపెట్టింది, తరవాత రాష్ట్ర శాఖ కొనసాగించింది. రాష్ట్ర శాఖ 2019 నివేదికలో అమెరికాలో పరీక్షించిన ఆరు నమూనాల్లో 353 సెంటీమీటర్ల లోతున దొరికిన ఒకటి క్రీ.పూ. 580 నాటిదని వచ్చింది. పత్రికలు ఆ అంకెను రాజ్యాభిషేక తేదీలా ప్రకటించాయి. క్రీ.పూ. 800 నుంచి 400 దాకా గాలిలోని కార్బన్-14 మారిన తీరు వల్ల దాన్ని సంవత్సరాల్లోకి మార్చే రేఖ దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని హాల్‌స్టాట్ సమతలం అంటారు. కొలత 2450 ఏళ్లకు ముప్పై అటూ ఇటూ అని వస్తే, నిజమైన తేదీ క్రీ.పూ. 750 నుంచి 410 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. పరికరం ఎంత మంచిదైనా ఈ వెడల్పు తగ్గదు. నోయ్యల్ ఒడ్డున ఉన్న కొడుమణల్ తేదీల్లో పాతవి కూడా ఈ సమతలం మీదనే పడతాయి. ఒకదానిపై ఒకటిగా ఉన్న పొరల నుంచి వరసగా చాలా నమూనాలు తీసి గణాంక పద్ధతిలో కలిపితేనే కొంత ఇరుకవుతుంది.

1868 దాకా కోయంబత్తూరు జిల్లాలో భాగమైన నీలగిరుల్లో, శాండినల్లా లోయలో పీట్ పేరుకుని ఉంది. కుళ్లిపోని మొక్కల అవశేషాలతో నల్లగా గట్టిపడిన చిత్తడినేల మట్టి ఇది. అందులోని కార్బన్ ఐసోటోపులను బట్టి గడ్డి, అడవి ఏ కాలంలో ఏది పెరిగిందో, దాన్ని బట్టి తేమ ఎలా ఉందో సుకుమార్, రమేశ్ తదితరులు 1993లో నేచర్ పత్రికలో చూపించారు. హిమయుగపు చివరి దశ దాకా పోయే ఈ చిత్రం వేల ఏళ్లను పట్టుకుంటుంది. ఒక నాయక రాజు కాలం అందులో కొన్ని సెంటీమీటర్లు కూడా ఉండదు, దాన్ని శాసనంతో జతచేయడానికి ప్రయత్నించడమే వృథా.

ఏడాది ఏడాదిగా చెప్పగలిగేది టేకు. కేరళ టేకు వలయాల నుంచి 1481 నుంచి 2003 దాకా 523 ఏళ్ల వరసను బొర్‌గావ్‌కర్ బృందం 2010లో ప్రచురించింది. వలయం ఒక క్యాలెండరు సంవత్సరానికి సరిగ్గా సరిపోదు, చెట్టు పెరిగే కాలానికి సరిపోతుంది. అదృష్టవశాత్తూ ఆ పెరుగుదల ఒక సంవత్సర నామంలోనే చాలావరకు ఇమిడిపోతుంది. అందువల్ల నాయకుల నాటి కరువులకు వలయాలే సరైన తోడు. అయితే తంబోరా వంటి ప్రపంచవ్యాప్త గుర్తు దగ్గర వలయాల వరస ఒక ఏడాది జారితే, దాని వెనుక జరిగినవన్నీ ఒక ఏడాది తప్పుతాయి. శాసనంలో గడచిన, నడుస్తున్న శకవర్షాల తేడా కూడా ఒక ఏడాదే. రెండు తప్పులు ఒకే దిక్కుకు కలిస్తే ఒప్పులాగే కనబడతాయి. కనుక కరువు ప్రస్తావించే శాసనంలో వారం, తిథి ఉన్నవాటినే మొదట ఏరి, వాటిని పట్టికలతో పరీక్షించి, ఆ తరవాతే వలయాలతో పోల్చడం ఈ రంగంలో సమంజసమైన వరస. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది, ధాతకు సరిగ్గా ఏడాది ముందు. వాన కొలతలు క్రమంగా దొరకడం మొదలైన ఆ కాలం నుంచి ఈ పోలికలకు లెక్కల వర్షపాతం కూడా తోడైంది.